ఊదారంగు ఎక్కించిన గాజు

ఈ దేశం వచ్చాక అరోరాలో మేం మొదటి ఇల్లు కొనుక్కున్నప్పుడు, అంతకుముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్లు వంటింటి పై అరలో పదకొండు గాజు గ్లాసులు వదిలేసి పోయారు. లేత ఆకుపచ్చ రంగువి. స్టూలెక్కి ఒకటి కిందికి దించాను. అంచు మీద ఎవరిదో పెదవుల మరక, అడుగున ఎండిపోయిన గోధుమరంగు పాకమేదో, అందులో అతుక్కుని చచ్చిన పురుగు. మా పుట్టింట్లో నాన్నగారు తాగిన గ్లాసైనా సరే, నీళ్లు పోసి తొలిచాక గాని మేం ముట్టుకునేవాళ్లం కాదు. అలాంటిది, మొహం కూడా ఎరగని మనుషుల ఎంగిలి నా వంటింట్లో, నా ఉప్పూ పప్పూ పెట్టుకోవాల్సిన అరలో.

రబ్బరు గ్లవ్స్ తొడుక్కుని, పదకొండింటినీ కాగితం సంచిలో పెట్టి, చెత్తబండి వచ్చే రోజున రోడ్డు పక్కన పెట్టేశాను. బండి రాకముందే పక్కింటావిడ ఆ సంచి పట్టుకొచ్చి మా తలుపు తట్టింది. అరవై దాటిన మనిషి, ఒంటరిగా ఉండేది. భర్త రైలుపెట్టెలు బాగుచేసే షెడ్డులో పనిచేసి ఎప్పుడో పోయాడని తరవాత తెలిసింది. అప్పటికి మా మధ్య చేతులూపుకోవడమే తప్ప మాటల్లేవు.

"ఇవి పారేస్తున్నావా?" అంది.

"మావి కావండీ. పాత ఓనర్లవి. మురికిగా ఉన్నాయి."

"మురికిగా ఉంటే కడుగుతారు." ఆవిడ అన్నది ఇంగ్లీషులోనే అయినా అచ్చం మా మేనత్త కసిరినట్టే ఉంది. "ఇవి ఏ కాలం నాటివో తెలుసా? పనుల్లేక జనం అల్లాడిపోయిన రోజుల్లో ఓట్స్ డబ్బాలో ఒక్కొక్కటి పెట్టి ఇచ్చేవాళ్లు. ఆరు గ్లాసులు పోగయ్యేదాకా మా అమ్మ మాకు పొద్దునా సాయంత్రం ఓట్సే పెట్టింది."

నన్ను తన వంటింట్లోకి లాక్కుపోయింది. సింకులో ప్లాస్టిక్ టబ్బు, టబ్బు అడుగున మడత పెట్టిన తువ్వాలు, గోరువెచ్చని నీళ్లు. పాకం నానడానికి ఒక పూట పట్టింది. పురుగు తేలింది. నేను మొహం పక్కకి తిప్పుకుంటే, ఆవిడ మాత్రం చెంచాతో దాన్ని తీసి పడేసి, మెత్తటి గుడ్డతో ఒక్కొక్క గ్లాసూ తుడిచి కిటికీ ముందు బోర్లించింది. వెలుతురు పడ్డాక చూశాను. లేత కొబ్బరాకు రంగు. అంచు కింద తేనెపట్టు లాంటి గళ్లు. రబ్బరు గ్లవ్స్ లేకుండా నేను ముట్టుకోని వస్తువులు ఇవేనా అనిపించింది.

అవి డెబ్బైల చివరి ఏళ్లు. నాకు పని చేసే వీసా లేదు, కారు నడపడం అప్పుడే నేర్చుకుంటున్నాను, మా అమ్మాయికి ఇంకా నడక రాలేదు. పక్కింటావిడ నాకు గాజు నేర్పింది. ఇంకెవరూ నాకు ఏమీ నేర్పని రోజుల్లో నేర్పింది కాబట్టి శ్రద్ధగా నేర్చుకున్నాను. పాత గాజు అడుగుభాగం కళ్ల దగ్గర పెట్టుకుని చూడాలి. ఏళ్ల తరబడి బల్లల మీద జరిపిన గాజుకి సన్నటి గీతలు అన్ని వైపులకీ పోతూ ఉంటాయి. గరుకు కాగితంతో రుద్ది పాతదానిలా కనబడేట్టు చేసిన దానికి అవి ఒకే వైపు సాగుతాయి. అచ్చులో పోసిన గాజుకి అతుకు గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వేలితో తడిమి తెలుసుకోవాలి. కొత్తగా పోసిన నకిలీ చేతికి నూనె రాసినట్టు జారుతుంది. అంట్లు కడిగే మెషీన్‌లో ఎప్పుడూ వేయకూడదు, వేస్తే గాజు తెల్లబడిపోతుంది. "వెనిగర్‌తో పోతే అది నీళ్లలో సున్నం. పోకపోతే గాజుకే జబ్బు చేసిందన్నమాట. దానికి మందు లేదు," అనేది.

శనివారాలు ఆవిడ కారులో, జనం ఇంట్లో పాత సామాను అమ్ముకునే గరాజ్ సేల్స్‌కి వెళ్లేవాళ్లం. ఆ గరాజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. పిల్లి ఉచ్చ కంపు కొట్టే అట్టపెట్టెలు. ఇరవై ఏళ్ల సిగరెట్ పొగ పట్టి పచ్చటి జిగురులా మారిన గాజు. వేడినీళ్లు తగలగానే ఆ పొగ మళ్లీ లేచి వంటిల్లంతా నిండేది. ఒకసారి అందమైన గులాబీరంగు పంచదార గిన్నె కొనితెచ్చి మూత తీస్తే లోపల ఎవరివో కట్టుడుపళ్లు. గిన్నెని పెరట్లోకి విసిరేసి, చేతులు నాలుగుసార్లు కడుక్కుని, మళ్లీ వెళ్లి తెచ్చుకున్నాను. పగల్లేదు. ఆ గిన్నెలో నేను ఎప్పుడూ పంచదార పోయలేదు గాని, అద్దాల బీరువాలో మాత్రం పెట్టుకున్నాను.

మా తెలుగువాళ్లకి ఇది నవ్వులాట. "ఏమమ్మా, మాకు ఇచ్చే మంచినీళ్లు ఏ తెల్లవాడి ఎంగిలి గ్లాసులో ఇస్తున్నావు?" అని అడిగి మరీ తాగేవాళ్లు. మా ఆయన నవ్వి ఊరుకునేవారు. ఆయనకి ఫ్యాక్టరీ, టీవీలో వార్తలు, ఆదివారం పెరుగన్నం, ఇవి ఉంటే చాలు.

పక్కింటావిడ వంటింటి కిటికీలో ఒక సీసా ఉండేది. ఒకప్పుడు తెల్లటి గాజేనట. ఎండ తగిలీ తగిలీ పలచటి ఊదారంగు పట్టింది. గ్లాసెడు నీళ్లలో ఒక్క నేరేడుపండు పిసికితే వచ్చే రంగు. వెనకటి రోజుల్లో గాజులో ఉండే పచ్చదనం చంపడానికి మాంగనీస్ కలిపేవాళ్లనీ, అలాంటి గాజుని ఎండలో ఏళ్ల తరబడి ఉంచితే ఊదాకి తిరుగుతుందనీ, మొదటి ప్రపంచయుద్ధం రోజుల తరవాత అది కలపడం మానేశారనీ చెప్పింది. "నేను పెళ్లై ఈ ఇంటికొచ్చిన ఏడాది పెట్టాను. ఈ రంగు రావడానికి నా జుట్టంతా నెరవాల్సి వచ్చింది," అంది. అలాంటిదే చిన్న సీసా ఒకటి నా పుట్టినరోజుకి ఇచ్చింది.

ఆ సీసా చూసే అన్నయ్యగారు ఇందులోకి వచ్చారు.

అన్నయ్యగారంటే సొంత అన్నయ్య కాదు. మా ఆయనకి కాలేజీ రోజుల నుంచి స్నేహితుడు. మాకు అరగంట దూరంలో ఉండేవారు. ఆస్పత్రులకి పంపే సిరంజిలు, గ్లవ్స్, కట్టు గుడ్డలు స్టెరిలైజ్ చేసే ఒక కంపెనీలో ఇంజనీరు. అట్టపెట్టెలు కన్వేయర్ మీద రేడియేషన్ వెలువడే కోబాల్ట్ చుట్టూ తిరిగి బయటికొస్తే లోపలి క్రిములన్నీ చచ్చిపోతాయని మాకు చెప్పేవారు. ఆయన భార్యని వదినా అని పిలిచేదాన్ని. మా అమ్మాయి పుట్టినప్పుడు ఇండియా నుంచి ఎవరూ రాలేకపోతే, ఆ వదిన తన పిల్లల్ని కూడా వెంటేసుకొచ్చి ఇరవై రోజులు మా ఇంట్లో ఉంది. నాకు పథ్యం వండింది, పిల్లకి నీళ్లు పోసింది. నా పురుటి గుడ్డలు తన చేత్తో ఉతికింది. ఈ సంగతి ముందే చెప్పడం ఎందుకంటే, ఆ తరవాత జరిగిన వాటికి నేను అంతకాలం నోరు మూసుకుని ఎందుకున్నానో ఇది లేకపోతే అర్థం కాదు.

ఒక ఆదివారం భోజనానికి వచ్చి, అన్నయ్యగారు కిటికీలో సీసా చేతిలోకి తీసుకున్నారు. సంగతి విని పగలబడి నవ్వారు.

"నలభై ఏళ్లా! చెల్లెమ్మా, ఇది మా దగ్గర ఒక్క షిఫ్ట్‌లో అయిపోతుంది. మొన్న పొరపాట్న ఒక గాజు సీసా బాక్స్‌తో పాటు రన్ అయిపోయింది. నల్లటి టీ డికాక్షన్‌లా అయి వచ్చింది. నీ దగ్గర ఇలాంటి పాతవి ఏవైనా ఉంటే ఇవ్వు, చూద్దాం."

పెద్ద విలువలేని జాడీ ఒకటి ఇచ్చాను. తరవాతి ఆదివారం తెచ్చి బల్ల మీద పెట్టారు. వంకాయ తొక్క రంగు. లోపల పెట్టిన చెయ్యి కనబడనంత చిక్కన. అందరూ ఆహా అన్నారు. అప్పుడు నేనూ ఆహా అన్నాను. ఇది రాయకుండా దాటేయొచ్చు, కానీ అన్నాను. ఆ రంగు నాకు అప్పుడు బాగుందనే అనిపించింది.

"రేడియేషన్ ఏమీ ఉండదా దీనికి?" అని వదిన భయపడింది. ఎక్స్‌రే తీయించుకున్న మనిషి ఎక్స్‌రే అయిపోతాడా అని మా ఆయన నవ్వారు.

ఆ జాడీ తరవాత అన్నయ్యగారు పాత గాజు కొని, రంగు ఎక్కించి అమ్మడం మొదలుపెట్టారు. మొదట్లో ఆయన తెచ్చినవన్నీ మాంగనీస్ లేనివే. మురిగ్గుంట నీళ్ల రంగుకి తిరిగి వచ్చేవి. ఏది ఊదాకి తిరుగుతుందో, ఏది బురదరంగు అవుతుందో ముందే చెప్పగలిగే మనిషి ఆయనకి కావాలి. ఆ మనిషిని నేనయ్యాను. పక్కింటావిడే చెప్పింది, అతినీలలోహిత కాంతినిచ్చే బ్లాక్ లైట్ బల్బు కింద పాత మాంగనీస్ గాజు మసకగా పచ్చగా మెరుస్తుందని. కోట్లు తగిలించుకునే చిన్న గదిలో ఆ బల్బు పెట్టుకుని, తలుపేసుకుని, ఆయన పెట్టెల్లో తెచ్చిన గాజంతా ఒక్కొక్కటే చూసి వేరు చేసేదాన్ని. నా అంచనా ఎప్పుడో గాని తప్పేది కాదు. నాకు గర్వంగా ఉండేది. పనికొచ్చే పని ఏదో చేస్తున్నాననిపించేది.

నెలకొకసారి, పశువుల ప్రదర్శనలు జరిగే కౌంటీ ఫెయిర్ గ్రౌండ్స్‌లో, ఫ్లీ మార్కెట్ అనే పాతసామాన్ల సంత జరిగేది. ఒకసారి నన్నూ రమ్మన్నారు. పశువుల కొట్టాల్లో బల్లలు వేసేవాళ్లు. కింద రంపపు పొట్టు, దాని కింద నుంచి ఆవు పేడ, మూత్రం వాసన. పక్కనే ఎవరో కాలుస్తున్న సాసేజ్‌ల కొవ్వు పొగ. అన్నయ్యగారు తెల్లటి గుడ్డ పరిచి, ఊదా సామానంతా ఎండ పడే చోట పేర్చారు. ఒక ముసలాయన ఒక గిన్నె తీసుకుని వెలుతురుకి పట్టి చూస్తుంటే అన్నయ్యగారు మాట అందుకున్నారు.

"అది నెబ్రాస్కాలో ఒక ఫామ్‌హౌస్ కిటికీలో అరవై ఏళ్లుంది సార్. ఆ ఇంటి ముసలమ్మ పోయాక వాళ్ల మనవడు ఇచ్చాడు."

నేను ఆయన మొహం వంక చూశాను. ఎక్కడా తొణకలేదు. ఆ ముసలాయన గిన్నెని రెండు చేతులతో పట్టుకుని, "అరవై ఏళ్ల ఎండ," అన్నాడు, మెల్లగా, ఎవరితోనూ కాదు, తనలో తనే. వాళ్లమ్మ కూడా ఇలాంటివి కిటికీలోనే పెట్టేదన్నాడు. దాన్ని కాగితంలో చుట్టి ఇచ్చింది నేను. నా చేతులతో చుట్టి, థాంక్యూ అని నవ్వి మరీ ఇచ్చాను.

తిరుగు దారిలో కారులో అన్నాను: "అన్నయ్యగారూ, ఆ నెబ్రాస్కా మాటెందుకండీ? ల్యాబ్‌లో రంగు వేశామని చెప్పొచ్చుగా."

"చెబితే ఎవడు కొంటాడు చెల్లెమ్మా? దిస్ ఈజ్ మార్కెటింగ్. వాళ్లకి కావాల్సింది గాజు కాదు, కథ. కథ ఇస్తున్నాం. ఎవరికి నష్టం చెప్పు?" అంటూ మూడో సాసేజ్ బన్ను నములుతున్నారు. ఆవాల సాస్ గడ్డం మీదికి కారింది, చేతి వెనకభాగంతో తుడుచుకుని ఆ చేత్తోనే స్టీరింగ్ పట్టుకున్నారు. నాకు ఆ చెయ్యి చూస్తుంటే వెగటు పుట్టింది. కిటికీ అద్దం దించుకుని, ఇంటికొచ్చేదాకా బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఆ రాత్రి మా ఆయనతో చెబితే, "లీగల్‌గా అందులో తప్పేమీ ఉన్నట్టు లేదులే," అన్నారు.

మార్కెట్‌కి వెళ్లడం మానేశాను. గాజు వేరుచేసి ఇవ్వడం మాత్రం మానలేకపోయాను. పెట్టెలు మోసుకొచ్చేది వదినే. "ఒక్కసారి చూసి పెట్టమ్మా, ఆయన తొందరపెడుతున్నారు," అనేది గుమ్మంలో నిలబడి. పురుటి గుడ్డలు ఉతికిన ఆ చేతుల్లో పెట్టె ఉండేది. వద్దనడానికి నాకు నోరు రాలేదు. మూడేళ్లు అలా సాగింది. ఒకప్పుడు బాగుందనిపించిన ఆ రంగు చూస్తే రానురాను నాకు చిన్నప్పుడు నోటిపూతకి పూసిన జెన్షన్ వయొలెట్ గుర్తుకు రావడం మొదలైంది. నాలుక మీద ఆ చేదు, ఉమ్మితే ఊదారంగు ఉమ్మి. ఊరిలో ఏ పాతసామాన్ల దుకాణానికి వెళ్లినా ఆ పుండు మందు రంగు గిన్నెలు వరసగా కనబడేవి. వాటిలో నేను ఎంచినవెన్నో నాకు తెలిసేది.

ఒక వసంతంలో పక్కింటావిడ మనవరాలి పెళ్లి కుదిరింది. ఆవిడ బీరువాలోంచి ఒక సెలరీ గ్లాసు తీసింది. వెనకటి రోజుల్లో, పచ్చివే కొరుక్కుతినే సెలరీ కాడలు నీళ్లలో నిలబెట్టి భోజనాల బల్ల మధ్యలో పెట్టుకునే పొడుగాటి గ్లాసు, కింద పాదం ఉంటుంది. ఆవిడ అమ్మగారి పెళ్లికి కానుకగా వచ్చిందట. తెల్లగా, స్వచ్ఛంగా, గొడుగు అంచులా వంపులు తిరిగిన నోరు. ఎవరో ఎన్నాళ్లో అందులో పూలు పెట్టి నీళ్లు మార్చకుండా వదిలేయడంతో లోపల సగందాకా తెల్లటి పొర పట్టింది. వెనిగర్‌కి పోలేదు. బియ్యపు గింజలు వేసి గిలకరించినా పోలేదు.

"జబ్బే. అలాగే ఇచ్చేస్తాను పిల్లకి," అంది ఆవిడ. కానీ ఆ పొర మీద గుడ్డ పెట్టి రుద్దుతూనే ఉంది.

నాకు ఆవిడ కోసం ఏదైనా చేయాలనిపించింది. అన్నయ్యగారి కంపెనీలో ల్యాబ్ ఉంది, కెమిస్టులున్నారు, సీసాలు యాసిడ్‌తో కడుగుతారని ఆయనే చాలాసార్లు చెప్పారు. అడిగాను. "అదెంత పని! ఇచ్చేయ్," అన్నారు.

"రంగు మాత్రం వద్దండీ. పొర పోతే చాలు. ఇది మార్కెట్‌ది కాదు, పక్కింటావిడది."

"నాకు తెలీదా చెల్లెమ్మా," అన్నారు.

పది రోజులకి తెచ్చారు. మా భోజనాల బల్ల మీద న్యూస్‌పేపర్ విప్పి, "సర్‌ప్రైజ్!" అన్నారు.

గ్లాసు పాదం నుంచి అంచు దాకా జెన్షన్ వయొలెట్. లోపల ఆ తెల్లపొర పోలేదు సరికదా, ఊదాలో ఇంకా బాగా కనబడుతోంది. పుండు మీద చీము గట్టినట్టుంది. సింకు దగ్గరికి వెళ్లి నోరు కడుక్కుని వచ్చాను.

"పొర పోదన్నారు ల్యాబ్‌వాళ్లు. ఉన్నదున్నట్టు ఎందుకు తెచ్చివ్వడమని, ఇట్లా చేయించాను. ఇప్పుడు దీని వేల్యూ ఎంతో తెలుసా? ఆ ముసలావిడ సంతోషిస్తుంది చూడు."

"వద్దని చెప్పాను కదండీ."

"అరే, పాడు చేశానా? బాగు చేశాను. కృతజ్ఞత కూడా లేదేంటమ్మా నీకు?"

మా ఆయన సోఫాలోంచి లేచి వచ్చి గ్లాసు చూశారు. ఆయన గొంతు పెంచడం నేను ఆ రోజే విన్నాను. "నువ్విక ఇంటికి వెళ్లరా," అన్నారు. అన్నయ్యగారు నవ్వబోయి, మా ఆయన మొహం చూసి, కారు తాళాలు తీసుకుని వెళ్లిపోయారు. బాగా వేడిచేస్తే ఆ రంగు పోతుందని మా ఆయన ఎక్కడో చదివారట. కానీ వంటింటి ఓవెన్‌లో పెడితే అంత పాత గాజు నిలవదేమోనన్నారు. నేను ఆ గ్లాసుని అలాగే, చేతుల్లో పట్టుకుని, లాన్ దాటి పక్కింటికి వెళ్లాను. కాగితంలో చుట్టి తీసుకెళ్లాలనిపించలేదు.

ఆవిడ వంటింటి బల్ల ముందు కూర్చుని ఉంది. గ్లాసు ముందు పెట్టాను. మొత్తం చెప్పాను. కోబాల్ట్, అట్టపెట్టెలు, నెబ్రాస్కా ఫామ్‌హౌస్, కోట్ల గదిలో బల్బు, మూడేళ్లుగా ఎంచి ఇచ్చింది నేనేననీ. నా ఇంగ్లీషు తడబడింది.

ఆవిడ అంతా విన్నాక లేచి, ముందుగదిలోకి వెళ్లి, పళ్లు కుట్టుకునే పుల్లలు పెట్టుకునే చిన్న గాజు గిన్నె ఒకటి తెచ్చి సెలరీ గ్లాసు పక్కన పెట్టింది. ఒకే రంగు.

"పోయిన క్రిస్మస్‌కి మా అబ్బాయి ఇచ్చాడు. ఎండలో పండిన గాజమ్మా, నీకు ఇష్టమని వెతికి తెచ్చానన్నాడు. రంగు మరీ చిక్కగా ఉందని నాకు అప్పుడే అనిపించింది. వాడు బాధపడతాడని అనలేదు." గిన్నెని నా వైపు జరిపి అడిగింది: "ఇది కూడా నువ్వు ఎంచిందేనా?"

తిప్పి చూశాను. అడుగున చిన్న పెచ్చు లేచిన చోటు నాకు గుర్తుంది. "అవును," అన్నాను.

ఆవిడ సెలరీ గ్లాసు అంచు మీద ఒక్కసారి వేలు పెట్టి రాసింది. ఆ వేలిని ఏప్రన్‌కి తుడుచుకుంది. రెండుసార్లు, గట్టిగా. ఎదుటివాళ్ల ఎంగిలి ముట్టుకున్నప్పుడు నేనెలా తుడుచుకునేదాన్నో అలా. "బల్బు గురించి నీకు చెప్పింది నేనే," అంది. "ఇక వెళ్లు, హనీ." ఎప్పుడూ పిలిచే ఆ హనీ అన్న మాట ఆ రోజు నాకు చెంపదెబ్బలా తగిలింది.

వారం తిరగకుండానే అన్నయ్యగారింటికి వెళ్లి, వదిన ముందే, ఇక నేను చూడననీ, ఆయన చేసేది మోసమనీ, అందులో మూడేళ్లు నేనూ ఉన్నందుకు నా మీద నాకే అసహ్యంగా ఉందనీ చెప్పాను. ఆయన టీవీ చూస్తూ, "రెండు గాజు ముక్కలకి ఇంత డ్రామానా," అన్నారు. మర్నాడు వదిన ఫోన్ చేసింది.

"మా పిల్లలు వింటుండగా ఆయన్ని మోసగాడన్నావు. నీకు నేనేం తక్కువ చేశానే?"

"నువ్వు చేసింది ఈ జన్మలో మరిచిపోను వదినా. దానికీ దీనికీ..."

ఫోన్ పెట్టేసింది. తప్పు చేసింది ఆయన. కానీ ఆ మాట విన్నాక సిగ్గుతో చచ్చింది నేను.

పక్కింటావిడకి ఊళ్లో గాజు సేకరించేవాళ్ల క్లబ్బు ఒకటుండేది. ఒక చర్చి నేలమాళిగలో నెలకోసారి కలిసేవాళ్లు. అంతకుముందు నన్నూ తీసుకెళ్లేది. ఆ శీతాకాలం సెక్రటరీకి ఫోన్ చేసి, పది నిమిషాలు మాట్లాడతానని అడిగాను. చీర మీద కోటు వేసుకుని, నా ఎండ సీసా, అన్నయ్యగారు మొదట తెచ్చిచ్చిన జాడీ పక్కపక్కన పెట్టి, రెండింటికీ తేడా ఎలా పట్టాలో, ఈ రంగు ఎలా వస్తుందో, నేనేం చేశానో చెప్పాను. పాతికమంది దాకా ఉన్నారు. పక్కింటావిడ చివరి వరసలో, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

తిడతారనుకున్నాను. ఎవరూ తిట్టలేదు. ఫెయిర్ గ్రౌండ్స్‌లో పెద్ద బల్ల పెట్టే ఒకావిడ నా చెయ్యి తట్టి, "దాని గురించి అంత బాధపడకు, డియర్. అక్కడ సగం మంది ఎవరో ఒకరి చేత రంగు వేయిస్తూనే ఉన్నారు. నాకూ ఒకడున్నాడు. నిన్ను చూసి భయమేసింది, నువ్వు పేర్లు చెబుతావేమోనని," అంది. చుట్టూ నవ్వులు. ఎవరో కేకు ముక్కలు కోసి పంచారు. కాగితం ప్లేటులో నీలం క్రీము పూసిన ముక్క నా చేతిలో పెట్టారు. అందరూ తెలిసే కొంటున్నారు, తెలిసే అమ్ముతున్నారు. రెండు చేతులతో గిన్నె పట్టుకున్న ఆ ముసలాయన లాంటివాళ్లకి మాత్రమే తెలీదు. ఆ కేకు ముట్టలేదు. చెత్తబుట్టలో వేస్తుంటే ఇచ్చినావిడ చూసింది. చూడనీ అనుకున్నాను.

బయట మంచు కురుస్తోంది. పక్కింటావిడని తీసుకొచ్చినవాళ్లు ముందే వెళ్లిపోయారు. నా కారు దగ్గరికొచ్చి, అడక్కుండా తలుపు తీసుకుని కూర్చుంది. ఎనిమిది నెలల తరవాత అంత దగ్గరగా కూర్చోవడం అదే. సగం దూరం వచ్చాక అంది:

"పిల్లకి ఆ గ్లాసు ఇచ్చాను. ఏం జరిగిందో చెప్పే ఇచ్చాను. ఏమందో తెలుసా? ఎంత ముద్దుగా ఉందో గ్రాండ్మా, నా కర్టెన్లకి మ్యాచ్ అవుతుంది అంది."

"అయ్యో," అన్నాను.

"దాని నెత్తి మీద ఒక్కటి మొట్టాలనిపించింది." వైపర్లు మంచుని అటూ ఇటూ నెడుతున్నాయి. "నువ్వు వాళ్ల ముందు చెప్పడం మంచిదే. చేసింది మంచిది కాదు. రెండూ నాకు గుర్తుంటాయి."

అలాగే గుర్తుంచుకుంది. ఆ తరవాత మాట్లాడుకున్నాం, కాఫీలు తాగాం, మా అమ్మాయి బర్త్‌డేలకి వచ్చింది. కానీ గరాజ్ సేల్స్‌కి మళ్లీ నన్నెప్పుడూ పిలవలేదు. తన బీరువాలోంచి ఒక్క వస్తువు కూడా నా చేతికివ్వలేదు. నేను అడగనూ లేదు. కొన్నేళ్లకి అరిజోనాలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. సామాను ప్యాక్ చేయడానికి వస్తానంటే, మూవర్స్ ఉన్నారులే అంది.

అన్నయ్యగారు ఉద్యోగం మారి న్యూజెర్సీ వెళ్లిపోయారు. అదీ స్టెరిలైజ్ చేసే కంపెనీయే. ఎనభైల చివర్లో అక్కడి ప్లెయిన్స్‌బరోలో ఒక స్నేహితుల కూతురి పెళ్లిలో వదిన కనబడింది. జుట్టు సగం నెరిసింది. దూరంగా కూర్చుంటుందనుకున్నాను. తన కంచం పట్టుకుని వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. పిల్లల చదువులు మాట్లాడుకున్నాం. పప్పు బాగుందనుకున్నాం. పెరుగు కలుపుకుంటుంటే, నేనేమీ అడక్కుండానే గొంతు తగ్గించి అంది:

"ఆ గాజు పని ఇప్పుడు చేయట్లేదులే ఆయన."

నాకు ప్రాణం లేచొచ్చింది. "పోనీలే వదినా. మంచి పని చేశారు."

"ఏం చేస్తారు మరి, కొత్త కంపెనీలో అన్ని చోట్లా కెమెరాలు పెట్టారుట. పెట్టె లోపలికి పెట్టడానికి కుదరట్లేదు. లేకపోతే ఇక్కడ దానికి ఎంత డిమాండ్ అనుకున్నావు!" అని నిట్టూర్చింది. ఆవిడ కళ్లలో ఉన్నది నిజమైన విచారం.

కలిపిన పెరుగన్నం నోటి దాకా రాలేదు. కంచం తీసుకుని లేచాను. "అదేంటే, సగమే తిన్నావు, స్వీట్ రానీ," అని వదిన చెయ్యి పట్టుకోబోయింది. చాలు వదినా అని చెప్పి, చెయ్యి కడుక్కోవడానికి వెళ్లాను.